అక్క అద్దం, చెల్లి గొట్టం

బ్యాండు వాయిద్యాలు బాగుచేసే ఆ కొట్టులో పనిచేసే ఆమె అసలు పేరు తెలిసినవాళ్ళు ఊళ్ళో ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగతా అందరికీ ఆవిడ సొట్టలక్క. ఊరేగింపులో చెయ్యిజారి రోడ్డున పడ్డ ట్రంపెట్టు కానీ, వ్యాను తలుపు సందున నలిగిన బాకా కానీ, చివరికి చేరేది ఆమె బల్ల మీదికే. రేగుకాయంత మొదలుకొని కొబ్బరికాయంత దాకా సైజుల వారీగా ఉక్కు గుండ్లుండేవి ఆమె దగ్గర. తగిన గుండును కడ్డీ కొసకు బిగించి, కడ్డీని బల్లకు బిగించి, సొట్టపడ్డ గొట్టాన్ని దాని మీదుగా తొడిగి నెమ్మదిగా తిప్పుతూ పైనుంచి చిన్న సుత్తితో తడుతుంటే ఇత్తడి మాట వినేది. "లోపల్నించి నెట్టాలి, పైనుంచి బుజ్జగించాలి, అంతే" అనేది, అదేదో అందరికీ చేతనైన పనే అన్నట్టు.

ముందు గదిలో కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడే పని తమ్ముడిది. "మా అక్క చేతిలో పడితే సొట్టబుగ్గలు కూడా సాపైపోతాయి, ఆడపిల్లలు కాస్త దూరంగా నిలబడండి" అని నవ్వించేవాడు. ఇరవై ఏళ్ళలో ఆమె బాగుచేసిన వాయిద్యాలకు లెక్కలేదు. వాటిలో ఒక్కటి కూడా తను మొదట్నుంచీ చేసింది కాదన్న సంగతి ఎప్పుడైనా గుర్తొస్తే, మరో గొట్టం అందుకుని పనిలో పడిపోయేది.

ఒక సోమవారం పొద్దున, కొట్టు తెరిచీ తెరవకముందే, పక్క వీధి బడిలో సైన్సు చెప్పే టీచరమ్మ దుప్పట్లో చుట్టిన నాలుగడుగుల పొడుగు వస్తువును చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లోపలికొచ్చింది.

"ఇది వాయించేది కాదండీ" అంది ముందే భయపడుతూ.

"మరి?" అన్నాడు తమ్ముడు.

"చూసేది. టెలిస్కోపు."

"మేం ఊదేవాటిని చూస్తాం కానీ, చూసేవాటిని ఎలా ఊదుతామండీ?"

సొట్టలక్క తమ్ముణ్ణి పక్కకు నెట్టి దుప్పటి విప్పింది. నల్లబడిపోయిన ఇత్తడి గొట్టం. ఒంటి నిండా సొట్టలు. ఒక కొసన అద్దం, రెండో కొసన లోపలికీ బయటికీ జరగాల్సిన సన్నగొట్టం. దాన్ని జరిపే మర ఎంత తిప్పినా కదలడం లేదు.

"బడి సామాన్ల గదిలో, విరిగిన బెంచీల కింద దొరికింది" అంది టీచరు. "దీని చెక్క స్టాండు కూడా ఉంది, అది బాగానే ఉంది. శనివారం సాయంత్రం పాత సామాన్లవాడు వచ్చి గది ఖాళీ చేసేస్తాడు. ఇందులో ఏదైనా కనిపిస్తే ఉంచుకుందాం, లేకపోతే బెంచీలతో పాటే పంపేద్దాం అన్నారు పెద్దసారు. కళ్ళద్దాలవాళ్ళు గొట్టం మా పని కాదన్నారు, గొట్టాలవాళ్ళు అద్దం మా పని కాదన్నారు. మీరైనా కాదనకండి అక్కా."

సొట్టలక్క గొట్టం మీద వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నది. మంచి ఇత్తడి. అతుకు ఎక్కడుందో వెతికినా కనబడలేదు. ఎవరో చెయ్యి తిరిగిన మనిషి అతికి, రాసి, నునుపు చేసిన పని.

"వదిలి వెళ్ళండి" అంది.

ఆ రోజూ మర్నాడూ వేరే పని ముట్టుకోలేదు. గడ్డకట్టిన పాత గ్రీజును కిరసనాయిలుతో నానబెట్టి వదలగొడితే మర కదిలింది. కొసన అద్దం బిగించి ఉన్న ఇత్తడి బిళ్ళను తీసి పక్కనబెట్టి, గొట్టంలోకి దీపం పెట్టి చూసింది. లోపలంతా మసిలాంటి నల్లరంగు. అంచు నుంచి జానెడు లోపల ఆ నలుపు మీద మేకుతో గీసిన అక్షరాలు కనిపించాయి. తల అటూ ఇటూ తిప్పి, కూడబలుక్కుని చదివింది.

ఏడోది. అక్క అద్దం, చెల్లి గొట్టం.

"ఒరేయ్, ఇలా రా!" అని కేకేసింది. తమ్ముడు కూడా ఒక కన్ను మూసి చదివి, "పేర్లు రాసుకోవచ్చుగా, ఈ అక్కెవరో చెల్లెవరో ఎలా తెలుస్తుంది?" అన్నాడు.

సొట్టలక్క మళ్ళీ దీపం పెట్టి ఆ అక్షరాలే చూసింది. ఆడవాళ్ళ చేతిపని అది. తనలాగే ఎవరో ఒకామె ఈ గొట్టాన్ని ఒళ్ళో పెట్టుకుని రాసి ఉంటుంది. ఆ ఆలోచనతో ఒళ్ళు పులకరించింది. పదకొండు సొట్టలు తీసింది. పన్నెండోది సరిగ్గా ఆ అక్షరాల వెనకే ఉంది. గుండుతో నెడితే అక్షరాలు చెరిగిపోతాయి. అటు చూసి, ఇటు చూసి, చేతిలో సుత్తి బల్ల మీద పెట్టేసింది. సొట్టను సొట్టగా వదిలేయడం ఆమె జన్మలో అదే మొదటిసారి.

బుధవారం మధ్యాహ్నం అన్నీ బిగించి, అక్కాతమ్ముళ్ళు దాన్ని డాబా మీదికి మోసుకెళ్ళారు. పిట్టగోడ మీద దిండు వేసి, దిండు మీద గొట్టం పెట్టి, దూరంగా ఉన్న నీళ్ళ ట్యాంకు నిచ్చెన కేసి తిప్పారు. సొట్టలక్క ఎంత ఆశగా కన్నుపెట్టిందో అంత నీరుగారిపోయింది. నిచ్చెన ఉన్నట్టే ఉంది కానీ, పాలల్లో ముంచి తీసినట్టుంది. మర ముందుకు తిప్పితే ఒక రకం మసక, వెనక్కి తిప్పితే ఇంకో రకం మసక.

"ఏదో ఒకటి కనబడుతోందిగా" అన్నాడు తమ్ముడు ఓదార్పుగా.

"నీ కళ్ళకి చత్వారం వచ్చినట్టు కనబడుతోంది" అంది విసుగ్గా. అద్దం బిళ్ళను మళ్ళీ తీసి, ఈసారి విప్పి చూసింది. అందులో ఒకటి కాదు, రెండు అద్దాలున్నాయి, ఒకదాని వెనక ఒకటి. రెండింటి మధ్యా అంచున గోరంత రేకు ముక్కలు రెండు అతికించి ఉన్నాయి. అవి ఎందుకో, ఏమిటో తెలియలేదు. అద్దాలను మెత్తటి గుడ్డలో చుట్టుకుని, ఊళ్ళో అందరికంటే పాత కళ్ళద్దాల కొట్టుకు వెళ్ళింది.

కళ్ళద్దాలాయన భూతద్దంలోంచి ఆ రేకు ముక్కలు చూసి, "అబ్బో!" అన్నాడు. "టీ పొట్లంలో ఉండే రేకమ్మా ఇది. ఇలా కత్తిరించి పెట్టేవాళ్ళు ఈ ఊళ్ళో ఇద్దరే. ఆ అక్కాచెల్లెళ్ళు మా నాన్న దగ్గర గాజు బిళ్ళలు కొనుక్కెళ్ళేవాళ్ళు. ఇంట్లో వంట బల్ల మీదే అరగదీసేవాళ్ళు. జనం వింతగా చూసేవాళ్ళు, వీళ్ళు మాత్రం జనాన్ని వదిలేసి చంద్రుణ్ణి చూసేవాళ్ళు."

"ఇప్పుడు ఎక్కడున్నారు?"

"చెల్లెలు పోయి ఎనిమిదేళ్ళయింది. అక్కగారు ఉన్నారు. ఎనభై నాలుగేళ్ళు. మొన్ననే కంటికి ఆపరేషనయితే కళ్ళజోడు నేనే చేసిచ్చా. వెళ్ళు, కానీ జాగ్రత్త. కోపం ముక్కు మీదే ఉంటుంది, నేను చేసిన జోడు కంటే ముందు."

గురువారం పొద్దున్నే సొట్టలక్క టెలిస్కోపును భుజాన వేసుకుని ఆ అక్కగారి ఇంటికి రెండంతస్తులెక్కింది. తలుపు తీసిన కోడలు ఆ గొట్టాన్నీ ఆమెనూ ఎగాదిగా చూసి, లోపలికి తిరిగి, "అత్తయ్యా, మీ కోసం ఎవరో గొట్టం పట్టుకొచ్చారు" అంది.

కిటికీ పక్క కుర్చీలో సన్నగా, నిటారుగా కూర్చుని ఉంది పెద్దావిడ. సొట్టలక్క నమస్కారం పెట్టి, మీ ఏడో టెలిస్కోపు తెచ్చానని చెప్పింది. పెద్దావిడ లేవలేదు, నవ్వలేదు.

"ఎలా కనిపిస్తోంది?" అంది.

"కాస్త... మసకగా ఉందండీ."

"అయితే అది నాది కాదు. నా అద్దం మసకగా ఉండదు."

"లోపల రాసి ఉంది పెద్దమ్మగారూ. అక్క అద్దం, చెల్లి గొట్టం అని."

పెద్దావిడ కుర్చీలోంచి ముందుకు వంగింది. "లోపల రాసిందా? ఎప్పుడు రాసింది ఆ దొంగమొహంది? నాకు చెప్పనే లేదు" అంది. గొట్టాన్ని ఒళ్ళో పెట్టించుకుని రెండు చేతులతో ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమింది. అక్షరాల వెనక సొట్ట దగ్గర వేళ్ళు నిలిచిపోయాయి.

"అదొక్కటీ తియ్యలేదండీ" అంది సొట్టలక్క, తప్పు ఒప్పుకుంటున్నట్టు. "తీస్తే రాసింది చెరిగిపోతుందని."

పెద్దావిడ ఉన్నట్టుండి పకపకా నవ్వింది. వంటింట్లోంచి కోడలు తొంగిచూసేంత నవ్వు. "ఇది నేను చేసిన సొట్టే అమ్మాయ్! బడివాళ్ళకి ఇవ్వాల్సిన రోజు మెట్ల మీద జారవిడిచా. మా చెల్లి రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. కంచం కూడా విసిరి పెట్టింది. అప్పుడే రాసుంటుంది, సరిగ్గా దాని మీద!"

ఆ నవ్వుతో గదిలో బిగుసుకుపోయినదేదో సడలింది. పెద్దావిడ జోడు సవరించుకుని అద్దాలు తెమ్మంది. చూసీ చూడగానే, "ఏ గాడిద విప్పింది దీన్ని?" అని గర్జించింది.

"నేను నిన్న..."

"నువ్వు కాదు. ఎప్పుడో ఎవడో తుడుద్దామని విప్పాడు. అంచున పెన్సిలు గుర్తులు పెట్టా, అవీ తుడిచేశాడు. శుభ్రం ఎక్కువైన వెధవ! ఇలా రా. ఈ ముందద్దం పట్టుకుని కిటికీ కేసి నిలబడు. అద్దంలో ఏం కనిపిస్తోంది?"

"కిటికీ. రెండు కిటికీలు."

"ఒకటి తలకిందులుగా ఉంటుంది, దాన్ని వదిలెయ్. నిలబడి ఉన్న కిటికీ చూడు. ఎంతుంది?"

"చిన్నగా. బియ్యపు గింజంత."

"ఇప్పుడు అద్దం తిప్పు."

తిప్పింది. ఈసారి కిటికీ కొంచెం పెద్దదైంది, కందిబద్దంత. సొట్టలక్క మళ్ళీ తిప్పింది. చిన్నది. మళ్ళీ. పెద్దది. ఆమె మొహంలోకి వెలుగొచ్చింది. "ఒకవైపు పొట్ట ఎక్కువండీ! పొట్ట ఎక్కువున్న వైపు కిటికీ చిన్నగా కనబడుతోంది!"

"అదీ!" పెద్దావిడ కుర్చీ చేతి మీద చరిచింది. "ఆ పొట్ట లోపలికుండాలి, వెనకద్దం గుంట వైపు. వాడు దాన్ని ఆకాశం వైపు పెట్టాడు. ఇన్నేళ్ళూ నా అద్దం వెనక్కి తిరిగి కూర్చుంది, అలిగిన పెళ్ళికూతురులాగా. మూడో రేకు ముక్కేదీ?"

"రెండే ఉన్నాయండీ."

"రెండు కాళ్ళ మీద పీట నిలబడుతుందా? మూడూ ఉంటేనే ఈ అద్దం ఆ అద్దానికి సమంగా కూర్చుంటుంది. అమ్మాయీ," అని కోడల్ని పిలిచింది, "టీ పొట్లం తీసుకురా."

"నిన్ననే విప్పానత్తయ్యా, నిండుగా ఉంది."

"డబ్బాలో పొయ్యి. నాకు రేకు కావాలి."

కోడలు గొణుక్కుంటూనే పోసింది. పెద్దావిడ చెయ్యి వణుకుతోంది, కత్తెర నిలవడం లేదు. కత్తెర సొట్టలక్కకిచ్చి, ఎంత ముక్క కావాలో తన చిటికెన వేలి గోరు చూపించింది. ఒకే రేకులోంచి మూడూ కొత్తగా కత్తిరించి, పాతవి రెండూ తీసేసి, అంచున మూడుచోట్ల సమానంగా అతికించారు. ముందద్దం తిప్పిపెట్టారు. బిళ్ళను ఎంత బిగించాలో పెద్దావిడ చెప్పిన తీరు సొట్టలక్క జన్మలో మరిచిపోలేదు: "అద్దాన్ని పట్టుకోవాలి కానీ పిసక్కూడదు. లోపల కొంచెం టకటకలాడనీ."

గొట్టాన్ని కిటికీలోంచి బయటికి పెట్టి నీళ్ళ ట్యాంకు వైపు తిప్పారు. సొట్టలక్క కన్నుపెట్టి మర కొంచెం తిప్పింది. నిచ్చెన మెట్లే కాదు, మెట్టుకు పట్టిన తుప్పు, తుప్పు మీద వాలిన కాకి, కాకి ముక్కున పట్టుకున్న పుల్ల, అన్నీ తలకిందులుగా, కానీ చేత్తో పట్టుకోవచ్చన్నంత స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"పెద్దమ్మా!" అని అరిచింది. 'గారు' ఎక్కడ జారిపోయిందో ఇద్దరూ గమనించలేదు.

శనివారం సాయంత్రం పెద్దావిడను బడికి తీసుకెళ్తానని సొట్టలక్క అంటే కోడలు ఒప్పుకోలేదు. "మోకాళ్ళు సహకరించవు, రెండంతస్తులు దిగాలి" అంది. "దిగుతా. మోకాళ్ళు నావి, నేను మాట్లాడుకుంటా వాటితో" అంది అత్త. చివరికి సొట్టలక్క ఒకవైపు, తమ్ముడు ఒకవైపు పట్టుకుని దింపి, డ్రమ్ములు మోసే వ్యానులో ముందు సీట్లో కూర్చోబెట్టారు. కోడలు కూడా, ఎవరూ పిలవకుండానే, చెప్పులేసుకుని ఎక్కేసింది.

నాలుగున్నరకు బడి మైదానంలో ఎండ ఇంకా ఉంది. నీలాకాశంలో సగం చంద్రుడు, తుడిచినా పోని సుద్దముక్క మరకలా తెల్లగా ఉన్నాడు. పగలు కూడా చంద్రుడుంటాడని సగంమంది పిల్లలకు ఆ రోజే తెలిసింది. టీచరమ్మ వాళ్ళను వరసలో నిలబెట్టి, ఎవరూ దీన్ని పొరపాటున కూడా సూర్యుడి వైపు తిప్పకూడదని మూడుసార్లు చెప్పి, మూడుసార్లూ చెప్పించుకుంది.

ముందు చూడాల్సింది పెద్దసారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి, తనిఖీకి వచ్చినట్టు వంగి, కన్నుపెట్టాడు. అలాగే ఉండిపోయాడు. వెనక పిల్లలు ఒకళ్ళనొకళ్ళు తోసుకోవడం మొదలుపెట్టారు. చివరికి తలెత్తి, గొంతు సవరించుకుని, "అంతా బాగుంది కానీ, బయట వెలుగు కుడివైపుంటే ఇందులో ఎడమవైపుంది. తలకిందులుగా కనిపిస్తోంది. రిపేరు ఇంకా పూర్తి కానట్టుంది" అన్నాడు.

టీచరమ్మ నోరు తెరిచేలోపే కుర్చీలోంచి పెద్దావిడ అంది: "చంద్రుడికి తలెక్కడ, కాళ్ళెక్కడ బాబూ?"

పెద్దసారు ఒక్క క్షణం ఆలోచించి, పిల్లలందరూ చూస్తుండగానే పగలబడి నవ్వాడు. నవ్వి, మళ్ళీ వంగి కన్నుపెట్టాడు. "సార్, ఒక్కొక్కళ్ళం ఒక్కసారే అన్నారు!" అని వరసలోంచి ఎవరో అరిస్తే కానీ జరగలేదు.

తరవాత మైదానమంతా తిరునాళ్ళయింది. ఒక పిల్ల చూసి, "గుంటలు! ఎవరో తొక్కినట్టున్నాయి!" అని గెంతింది. ఇంకోడు, "ఇది లైవా, రికార్డింగా?" అని అడిగాడు. మరో పిల్ల టెలిస్కోపు ముందుకొచ్చి అద్దం దగ్గర చెయ్యి ఊపి, చంద్రుడికి కనబడిందేమోనని అడిగింది. పాత సామాన్లవాడు లారీ ఆపుకుని వచ్చి, ఏమిటీ గోలని అడిగి, తనూ వరసలో నిలబడ్డాడు. వంతు వచ్చాక చూసి, చాలాసేపు చూసి, "బెంచీలు ఇవ్వండి సార్, తీసుకెళ్తా. ఇది తూకానికి వేసేది కాదు" అని తనే తేల్చేశాడు.

పెద్దావిడ మాత్రం, "ముందు పిల్లల్ని కానీండి" అంటూ అందరూ అయ్యేదాకా ఆగింది. ఆపరేషనయిన కన్ను ఇంతకుముందులా చూస్తుందో లేదోనని లోపల బెరుకుందని సొట్టలక్కకు అర్థమైంది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, చెక్క స్టాండు కాస్త కిందికి దించి, కూర్చోబెట్టింది. పెద్దావిడ జోడు తీసి కోడలి చేతికిచ్చింది. కన్నుపెట్టింది. మర మీదికి వేళ్ళు వాటంతటవే వెళ్ళాయి. కత్తెర దగ్గర వణికిన చెయ్యి ఇక్కడ వణకలేదు. వెంట్రుకవాసి ముందుకు, సగం వెంట్రుకవాసి వెనక్కి.

పిల్లలు వరస వదిలేసి పెద్దావిడ చుట్టూ చేరారు.

"వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర చూడండి" అంది పెద్దావిడ, ఎవరితోనో చెబుతున్నట్టు. "గుంటల అంచులు కత్తితో కోసినట్టున్నాయి. ఇంత బాగా చేశామా?" తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాపింది. "రావే, చూడు."

ఆ 'రావే' ఎనిమిదేళ్ళుగా ఎవరి కోసం నోట్లో ఉండిపోయిందో సొట్టలక్కకు తెలుసు. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. నిజంగానే కత్తితో కోసినట్టున్నాయి. కన్ను తీసేసరికి పెద్దావిడ తననే చూస్తోంది. కంట్లో తడుంది, పెదవి మీద నవ్వుంది.

"రేపు ఆదివారం కదా, నీకు పనుందా?"

"లేదు పెద్దమ్మా."

"పెందలాడే రా."

ఆదివారం పొద్దున పెద్దావిడ మంచం కిందనుంచి ఒక చెక్కపెట్టె లాగించింది. ఫ్లానెలు గుడ్డల మధ్య అరచేయంత గాజు బిళ్ళలు రెండు. ఒకటి పూర్తిగా మెరుస్తోంది. రెండోదానికి ఒకవైపు ఇంకా పొగమంచు పట్టినట్టుంది. "పన్నెండో టెలిస్కోపు అద్దాలు" అంది. "చెల్లి పోయాక ముట్టుకోలేదు. గొట్టం చేసే మనిషే లేకపోతే అద్దం చేసి దిండు కింద పెట్టుకోనా? ఇప్పుడు చూస్తే చేతుల్లో బలం లేదు. గొట్టం ఎలాగూ నువ్వు చేస్తావు, నాకు తెలుసు. ముందు అద్దం నేర్చుకో."

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం అన్నాల బల్ల మీద అదే పని. తారులాంటి నల్లటి కీలు కరిగించి చేసిన దిమ్మ మీద, గాజుకు మెరుగు పెట్టే ఎర్రపొడి నీళ్ళు చల్లి, గాజును ముందుకీ వెనక్కీ జరుపుతూ, నాలుగు వరసలకోసారి అద్దం తిప్పుతూ, రెండు అడుగులు బల్ల చుట్టూ జరుగుతూ. సుత్తి పట్టిన చేతులకు మొదట్లో ఆ నెమ్మది రాలేదు. "నెట్టకు. దాని బరువుతో దాన్నే పోనీ" అని పెద్దావిడ కుర్చీలోంచి పాఠం చెప్పేది. "మళ్ళీ... ఊఁ... మళ్ళీ."

కోడలికి ఇది బొత్తిగా నచ్చలేదు. బల్లగుడ్డ ఎర్రగా అయింది. తువ్వాలు ఎర్రగా అయింది. ఆఖరికి ఉప్పు డబ్బా మూత కూడా ఎర్రగా అయింది. "ఈ ఇంట్లో తిండి తినాలా, గాజు తినాలా?" అని వినబడేలా అనేది. అన్నా, ఆ సమయానికి బల్ల మీద గిన్నెలు తీసి పక్కన పెట్టేసేది.

అయిదో ఆదివారం పెద్దావిడ చెబుతూ చెబుతూ కుర్చీలోనే చిన్న కునుకు తీసింది. సొట్టలక్క ఆపలేదు. బల్ల మీద గాజు జరుగుతున్న చప్పుడు, సన్నగా, తడిగా, ఒకే లయలో సాగుతోంది. తన చేతుల కింద ఒక వస్తువు మొదటిసారిగా తయారవుతోంది, ఎవరో పాడుచేసింది కాదు, ఇంతవరకూ లేనిది. ఆ సంతోషానికి ఏం చెయ్యాలో తెలియక ఒక్కర్తే నవ్వుకుంది.

కోడలు టీ తెచ్చి బల్ల చివర పెట్టింది. వెళ్ళిపోకుండా నిలబడి కాసేపు చూసింది. అత్తగారు నిద్రలోనే ఉందని ఓరగా చూసుకుని, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"కాస్త జరగండి," అంది మెల్లగా, "నేనోసారి చేసి చూస్తా."